పద్దెనిమిదేళ్ల కుర్రాడికి మూడో తరగతి వాచకం ఇవ్వకండి



కొంచెం పెద్దగానే రాస్తున్నాను, ఓపిక చేసుకుని చదవండి. చదువు మధ్యలో ఆపేసిన తమ్ముళ్లనీ చెల్లెళ్లనీ ఇంటి దగ్గర కూర్చోబెట్టి ఓపెన్ టెన్త్‌కి తయారు చేస్తున్నవాళ్లు మనలో చాలామందే ఉన్నారు. లెక్కలు ఎలా చెప్పాలి, సైన్సు ఎలా చెప్పాలి అని బాగానే మాట్లాడుకుంటున్నాం. తెలుగు దగ్గరికొచ్చేసరికి మాత్రం రెండే మాటలు వినబడుతున్నాయి. ఒకటి, "వాడికి చదవడం రాదు కదా, మూడో తరగతి పుస్తకంతో మొదలెట్టు." రెండోది, "తెలుగుకి అంత టైం దండగ, గైడు కొని ముఖ్యమైన ప్రశ్నలు బట్టీ పట్టించు." ఈ రెండు సలహాలూ తప్పే అని నా అభిప్రాయం. ఎందుకో మా ఇంట్లో జరిగిందే చెప్తాను.

మేం సీతంపేట ఏజెన్సీ సవరలం. 2020 మార్చిలో బళ్లు మూసేసినప్పుడు మా తమ్ముడు ఆశ్రమ పాఠశాలలో ఏడో తరగతి. ఇంటికొచ్చాడు. ఇంట్లో ఉన్నది బటన్ ఫోను, సిగ్నల్ కావాలంటే కొండెక్కాలి. ఆన్‌లైన్ క్లాసులు మా దాకా రాలేదు. మళ్లీ బడి తెరిచేసరికి వాడు పోడు పనికి, జీడితోటకి అలవాటు పడిపోయాడు. ఆ తర్వాత మేస్త్రీ వెంట కట్టడాల పనికి పట్నం వెళ్లాడు. కిందటేడు తిరిగొచ్చి, ఒక రాత్రి అన్నం తింటూ తింటూ అన్నాడు: "అక్కా, నేను టెన్త్ కడతాను."

ఏమైందిరా అంటే అప్పుడు చెప్పాడు. పనిలో చేరేటప్పుడు ఒక కాగితం మీద సంతకం పెట్టించుకున్నారట. వీడు 8 వేలు అడ్వాన్సు తీసుకున్నాడు. కాగితం మీద 18 వేలు ఉంది. "అంకె చూశాను గానీ పక్కన అక్షరాల్లో ఏటి రాశారో కూడబలుక్కునేసరికి కాగితం లాగేసుకున్నారు" అన్నాడు. ఆ పది వేలకి నాలుగు నెలలు పని చేసొచ్చాడు.

నేనేం చేశానంటే, మా పిన్ని కూతురికి తొమ్మిదేళ్లు, దానికి ఇంటి దగ్గర తెలుగు చెప్పడానికి నేను తయారు చేసుకున్న ప్రణాళిక ఒకటి ఉంది. 36 వారాలు, వారానికి మూడు చిన్న కథలు, ఒక గేయం, బొమ్మ చూసి నాలుగు వాక్యాలు రాయడం. అది బాగా పనిచేసింది. అదే తీసి తమ్ముడి ముందు పెట్టాను. చదవడంలో ఇద్దరూ ఇంచుమించు ఒకే మెట్టు మీద ఉన్నారు కదా అనుకున్నాను.

మూడో రోజు చీమ, మిడత కథ. సగం కూడబలుక్కుని చదివాడు. పక్కన పిన్ని కూతురు నవ్వింది, దానికి ఆ కథ కంఠతా వచ్చు. వాడు పుస్తకం మూసేసి, "నేను పిల్లోడినేటి?" అని లేచి వెళ్లిపోయాడు. వారం రోజులు నా దగ్గర కూర్చోలేదు.

వాడికి కోపం వచ్చింది చదవడం రాకపోవడం వల్ల కాదు. అయిదేళ్లు సిమెంటు మోసి, ఇంటికి డబ్బు పంపి, మోసపోయి, తేరుకున్న మనిషిని కూర్చోబెట్టి చీమలా కష్టపడాలి నాయనా అని చెప్పాను నేను. కష్టపడటం గురించి వాడే నాకు పాఠం చెప్పగలడు. తప్పు నాది.

అక్కడ నాకు అర్థమైంది ఇది. పెద్దయ్యాక మళ్లీ చదువుకునేవాళ్లకి అక్షరం ఒక వయసులో ఉంటుంది, బుర్ర ఇంకో వయసులో ఉంటుంది. మనం అక్షరం వయసు చూసి పుస్తకం ఇస్తాం. అందుకే మూసేస్తారు. వాక్యం చిన్నది చేయొచ్చు, పాఠం పొట్టిది చేయొచ్చు, టైం ఎక్కువ ఇవ్వొచ్చు. విషయాన్ని మాత్రం పిల్లల స్థాయికి దించకూడదు.

సరే, మరి ఏం మార్చాను?

మొదట, చదివే పని సగం నేను తీసుకున్నాను. చదవడం ఇంకా పట్టుబడనివాళ్లు కంటితో చదివి అర్థం చేసుకునేదాని కంటే చెవితో విని అర్థం చేసుకునేది చాలా ఎక్కువ. మన తాతలు ఒక్క అక్షరం రాకుండా రాత్రంతా సాగే కథలు విని గుర్తుపెట్టుకున్నారు. కాబట్టి రోజుకి 40 నిమిషాలు పెట్టుకున్నాం. 20 నిమిషాలు నేను పైకి చదువుతాను, వాడు వింటాడు. 10 నిమిషాలు, అప్పుడే విన్నదాంట్లోంచి ఒక పేరా వాడు చదువుతాడు. కథ తెలుసు కాబట్టి తర్వాత ఏ మాట వస్తుందో ఊహిస్తాడు, తడబాటు తగ్గుతుంది. చివరి 10 నిమిషాలు మాట్లాడుకోవడమో, రాయడమో. పిన్ని కూతురిని ఆ టైంలో ఆడుకోమని బయటికి పంపేశాను. ఇది చిన్న విషయం అనుకోకండి. చిన్నపిల్లల ముందు తప్పు చదవడం పెద్దవాళ్లకి చచ్చేంత అవమానం.

రెండు, వందకి పైగా చిన్న కథలున్న జాబితా పక్కన పెట్టి, ఏడాదికి 12 రచనలే పెట్టుకున్నాను. ఏరినవన్నీ పెద్దవాళ్ల విషయాలు, కానీ పొట్టివి, మాట్లాడే తెలుగులో ఉన్నవి. వెతికితే మన పక్కనే ఉన్నాయి. గురజాడ 1910లో రాసిన 'దిద్దుబాటు' నాలుగైదు పేజీలు కూడా ఉండదు. రాత్రి ఆలస్యంగా ఇంటికొచ్చిన మొగుడికి భార్య ఎలా బుద్ధి చెప్పిందన్నది కథ. మా వాడు విని పడి పడి నవ్వాడు. తర్వాత కాళీపట్నం రామారావు మాస్టారి 'యజ్ఞం'. అది పెద్ద కథ, మాకు 12 రోజులు పట్టింది. ఒక పల్లె, ఒక పాత అప్పు, దాని మీద పంచాయితీ. ముగింపు నేనిక్కడ చెప్పను, మీరే చదవండి. అప్పు లెక్క జరుగుతున్నప్పుడు మా వాడు మధ్యలో ఆపి, "అక్కా, ఆ కాగితం ఎవరు రాశారు, ముందు అది అడగాలి కదా" అన్నాడు. మా డిగ్రీ క్లాసులో ఆ కథ చెప్పినప్పుడు మాలో ఎవరికీ ఆ ప్రశ్న రాలేదు.

ఇక చాసో గారి 'ఎందుకు పారేస్తాను నాన్నా'. ఇంట్లో డబ్బుల్లేక చదువు ఆగిపోయిన కుర్రాడు. తండ్రి చుట్టలు తెమ్మని పంపిస్తే బడి ముందు నుంచి వెళ్లాలి, తోటివాళ్లు చూస్తారని వాడికి సిగ్గు. అది చదివిన రోజు మా తమ్ముడు ఏమీ మాట్లాడలేదు. నేనూ ప్రశ్నలు అడగలేదు. మర్నాడు వాడే చెప్పాడు. సంతకి వెళ్లినప్పుడు తన క్లాసు పిల్లలు యూనిఫాంలో ఎదురొస్తే గొడుగు అడ్డం పెట్టుకునేవాడట. అయిదేళ్లలో ఆ మాట మా అమ్మకి కూడా చెప్పలేదు. గైడు చదివితే మార్కులు వస్తాయేమో గానీ ఈ మాట బయటికి రాదు. సాహిత్యం దండగ అనేవాళ్లకి నా జవాబు ఇదే. తన బతుకు గురించి మాట్లాడటానికి మాటలు దొరికిన మనిషి కాగితం లాగేసుకునేవాడి ముందు కూడా మాట్లాడగలడు.

పుస్తకాలు కొనాలంటే డబ్బులేవి అంటారా? రామారావు మాస్టారు 1997లో శ్రీకాకుళంలో కథానిలయం పెట్టారు. వేల తెలుగు కథలు అక్కడ దాచిపెట్టారు, చాలావరకు వాళ్ల వెబ్‌సైట్‌లో ఊరికే చదువుకోవచ్చు. సిగ్నల్ ఉన్నచోట దించుకుని, టౌనులో పెద్ద అక్షరాలతో ప్రింటు తీయించండి. ఫోను తెర మీద కొత్తగా చదివేవాళ్లకి కష్టం.

మూడు, రాత. "పాఠం సారాంశం రాయుము" అనేది తీసేశాను. ముందు వాడు చెప్పాలనుకున్నది ఫోనులో మాట్లాడి రికార్డు చేస్తాడు. మొదట్లో సవరలోనే చెప్పమన్నాను. తర్వాత అదే తెలుగులో చెప్తాడు. తర్వాత ఆపి ఆపి వింటూ తన మాటల్నే కాగితం మీద పెడతాడు. ఆలోచించడం, తెలుగులోకి తేవడం, అక్షరం దిద్దడం అనే మూడు పనులూ ఒకేసారి మీద పడితే ఎవరైనా చేతులెత్తేస్తారు. ఒక్కొక్కటిగా పెడితే చేస్తారు. రాసేది కూడా పనికొచ్చేలా ఉండాలి. యజ్ఞం తర్వాత సారాంశం బదులు, అప్పులో ఉన్న ఆ రైతు తరఫున కలెక్టరుకి అర్జీ రాయమన్నాను. రెండు పేజీలు రాశాడు. ఎర్ర పెన్నుతో అంతా కొట్టేయలేదు. వారానికి మూడు రకాల తప్పులే చూస్తాను. ఈ వారం దీర్ఘాలు, పై వారం ద్విత్వాలు. ఖ, ఘ, థ, ధ లాంటివి మా ఊళ్లో ఎవరి నోట్లోనూ పలకవు, కాబట్టి వినికిడితో రావు, కంటికి అలవాటవ్వాలి. వాటిని ఆఖరికి ఉంచాను.

ఇక్కడ కొందరు ఒక మాట అంటారు. "మనవాళ్ల కథలే చెప్పాలి, గురజాడ, చాసో మనకెందుకు?" ఆ మాటలో సగం నిజం ఉంది. మా ప్రణాళికలో 12లో 4 మనవే. మా అవ్వ చెప్పిన రెండు కథలు రికార్డు చేసి తమ్ముడి చేతే రాయించాను. సాహు, అల్లం రాజయ్య కలిసి రాసిన 'కొమురం భీం' నవలలో కొన్ని భాగాలు, బిర్సా ముండా మీద మహాశ్వేతాదేవి రాసిన నవల తెలుగులో వచ్చింది, అందులో కొన్ని భాగాలు పెట్టాను. కానీ మన గురించి రాసినవే మనం చదవాలంటే, అది మనకి మనమే కట్టుకునే కంచె. ఉత్తరాంధ్ర మాటల్లో రాసిన కథ సీతంపేట కుర్రాడిది కూడా. గిడుగు రామమూర్తి గారు పర్లాకిమిడిలో పంతులుగా ఉంటూ సవర నేర్చుకున్నారు, మన పిల్లలకి మన భాషలో పుస్తకాలు రాశారు, 1931లో సవర భాష మీద ఆయన గ్రంథం అచ్చయింది. అదే మనిషి తెలుగు పుస్తకాలు జనం మాట్లాడే తెలుగులో ఉండాలని జీవితమంతా కొట్లాడారు. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29నే తెలుగు భాషా దినోత్సవం చేస్తున్నారు. ఆరోజు మన ఆశ్రమ పాఠశాలల్లో దండ వేస్తారు గానీ, సవర సంగతి ఎంతమంది చెప్తారు? ఇంటి భాషలో మొదలెట్టి, నోటి తెలుగు మీదుగా, రాత తెలుగుకి వెళ్లడం కొత్త పద్ధతేం కాదు. మన కొండల దగ్గర వందేళ్ల కిందటే ఒకాయన చేసి చూపించారు.

పరీక్ష మాటేంటి మరి? పరీక్షని నేను తక్కువ చేయడం లేదు. వాడు టెన్త్ కడతానన్నాడు, కట్టించాలి. ఎన్‌ఐఓఎస్ ఓపెన్ స్కూల్లో 14 ఏళ్లు నిండితే టెన్త్‌కి చేరొచ్చు. పాసవడానికి కనీసం 5 సబ్జెక్టులు కావాలి. ఒక్కసారే అన్నీ రాయక్కర్లేదు, 5 ఏళ్లలో 9 సార్లు అవకాశం ఉంటుంది, పాసైనవి అలాగే లెక్కలో ఉంటాయి. అంటే కంగారు పడి మొదటి నెలలోనే గైడు పట్టుకోవలసిన పని లేదు. మేం తెలుగుని ఆఖరి సబ్జెక్టుగా పెట్టుకున్నాం. పరీక్షకి మూడు నెలల ముందు సిలబస్ పుస్తకం, పాత ప్రశ్నపత్రాలు తీస్తాం. ఇప్పటికే పేరా చదివి సొంతంగా నాలుగు మాటలు రాయగలుగుతున్నాడు కాబట్టి అప్పుడు ఆ పుస్తకం వాడికి గోడలా అనిపించదని నా నమ్మకం. పద్యాలు మాత్రం ఇప్పట్నుంచే వారానికి ఒకటి. వేమన పద్యం చిన్నది, నోటికి వస్తుంది. దాని మీద పెద్దవాళ్లలా వాదించుకోవచ్చు కూడా.

అన్నీ బాగా జరిగాయని చెప్పను. జీడిపిక్కల సీజన్లో ఆరు వారాలు చదువు ఆగిపోయింది. ఒక నవల మొదలెట్టి వాడికి నచ్చక వదిలేశాం. నాకు శ్రీకాకుళంలో క్లాసులున్న రోజుల్లో చదివి వినిపించేవాళ్లు లేరు. అప్పుడు నా గొంతు రికార్డు చేసి మెమరీ కార్డులో పెట్టి పంపాను. వాడు ఇప్పటికీ నెమ్మదిగానే చదువుతాడు. తెలుగు పరీక్ష ఇంకా రాయలేదు, పాసవుతాడో లేదో నాకు తెలీదు.

కానీ పోయిన నెల పనికి పిలవడానికి ఇంకో మేస్త్రీ మా ఊరొచ్చాడు. కాగితం తీశాడు. మా తమ్ముడు అరుగు మీద కూర్చుని, వేలు పెట్టుకుని, పెదాలు కదుపుతూ మొత్తం చదివాడు. పది నిమిషాలు పట్టిందట. మేస్త్రీ విసుక్కున్నాడు. వీడు లేవలేదు. చదివి, రెండు చోట్ల కొట్టించి, అప్పుడు సంతకం పెట్టాడు. వాడితో పాటు వెళ్లే ఇద్దరు కుర్రాళ్ల కాగితాలు కూడా వాడే చదివిపెట్టాడు.

కాబట్టి నేను అడిగేది ఒక్కటే. మీ ఇంట్లో, మీ గూడెంలో మళ్లీ చదువుకుంటానని వచ్చిన అన్నకో చెల్లికో చెప్పేటప్పుడు ముందు వయసు చూడండి, తర్వాత అక్షరం చూడండి. పిల్లల పుస్తకం చేతికిచ్చే ముందు అది మీకిస్తే మీరు చదువుతారా అని ఒక్కసారి అనుకోండి. మీరు పెద్దవాళ్లకి చదివి వినిపించిన కథలేమైనా ఉంటే, మన భాషల్లోవి గానీ తెలుగులోవి గానీ, పేర్లు చెప్పండి. మా 12లో ఇంకా 3 ఖాళీగా ఉన్నాయి.

జోహార్.