చెవిపోటు కాదు, దవడ పోటు!

మొన్న సంక్రాంతికి జంతికలు కొరుకుతుంటే ఎడమ చెవి ముందు 'టక్'మంది. అది మొదలు రోజూ పొద్దున్న లేవగానే చెవిపోటు, కణతల్లో నొప్పి. చెవి డాక్టరు చూసి "చెవిలో ఏం లేదమ్మా" అన్నారు. అయితే పన్నేనని నేనే తేల్చేసుకుని, పీకించేసుకుందామని పళ్ళ డాక్టరమ్మ దగ్గరికెళ్ళాను.

ఆవిడ పన్నంతా చూసి, చెవుల ముందు వేళ్ళు ఆనించి నోరు తెరిచి మూయమన్నారు. "పన్ను రాయిలా ఉంది. నొప్పి దవడ కీలుది" అన్నారు.

చెవులకి ముందు అటొకటి ఇటొకటి దవడ కీళ్ళుంటాయి. మధ్యలో ఉండే మెత్తటి బిళ్ళ కాస్త పక్కకి జరిగితే ఆ శబ్దం వస్తుందట. నొప్పి లేకుండా ఉత్త శబ్దమే అయితే వైద్యం అక్కర్లేదట.

"రాత్రిళ్ళు పళ్ళు కొరుకుతారా?" అనడిగితే లేదన్నాను. పక్కనున్న మావారు "రోజూ పటపటలే! ఎలకలేమో అనుకున్నాను" అన్నారు. అమ్మాయి పెళ్ళి కుదిరినప్పట్నించీ పైకి నవ్వుతూనే తిరుగుతున్నాను. లోపలి బెంగంతా పళ్ళమీద చూపిస్తున్నానన్నమాట!

పళ్ళు బిగించడం, దిగులు, నిద్ర చాలకపోవడం, దవడకి దెబ్బ తగలడం, అస్తమానం వక్క నమలడం, గోళ్ళు కొరకడం - ఇవన్నీ ఈ కీలుకి శత్రువులే. పంటి వైద్యానికి చాలాసేపు నోరు తెరిచి కూర్చున్నా కొందరికి నొప్పి వస్తుందట. ఈ బాధ మగవాళ్ళకన్నా మన ఆడవాళ్ళలోనే ఎక్కువ.

డాక్టరమ్మ చెప్పినవి ఇవీ:

* కొన్నాళ్ళు ఇడ్లీ, ఉప్మా, మెత్తటి పప్పన్నం తినాలి. జంతికలు, చెరుకు ముక్కలు వద్దు.
* వేడినీళ్ళలో ముంచి పిండిన గుడ్డతో పూటకి పది నిమిషాలు కాపడం పెట్టుకోవాలి.
* ఆవలింతొస్తే గడ్డం కింద చెయ్యి ఆనించాలి.
* పెదాలు కలిసున్నా పళ్ళు తగలకూడదు. గుర్తుకోసం నేను వంటింటి తలుపుకి బొట్టుబిళ్ళ అంటించాను. చూసినప్పుడల్లా దవడ వదులు చేస్తాను.
* అవసరమైతే రాత్రిళ్ళు పెట్టుకోవడానికి అచ్చు తీసి నైట్ గార్డు చేసిస్తారు.

నోరు మూడు వేళ్ళ వెడల్పు తెరుచుకోకపోయినా, తెరిచింది మూతపడకపోయినా ఆలస్యం చేయొద్దు. దవడ నొప్పితోపాటు గుండెల్లో బరువు, చెమటలు, ఆయాసం ఉంటే అది గుండెది కావచ్చు. వెంటనే పెద్దాసుపత్రికి పరిగెత్తాలి.

నెల తిరిగేసరికి నా నొప్పి చాలావరకు తగ్గింది. పన్ను నా నోట్లోనే ఉంది. పెళ్ళి బెంగ మాత్రం సగం మావారికి పంచేశాను!