బ్యాక్‌గ్రౌండ్ మార్చండి... ఒరిజినల్ దాచండి!

కాళేశ్వరం వెళ్లినవాళ్లు ఘాట్ దగ్గర ఒక్క ఫొటో అయినా దిగకుండా వెనక్కి రారు. గోదావరి, ప్రాణహిత కలిసే చోటు కదా! 2015 గోదావరి పుష్కరాలప్పుడు, 2025 మేలో సరస్వతీ పుష్కరాలప్పుడు అలా దిగిన ఫొటోలు ఎన్నో ఇళ్లలో ఉన్నాయి. తాత నవ్వు ముఖం బాగా పడింది ఒక్కోసారి ఆ ఒక్క ఫొటోలోనే. ఆయన పోయాక గోడకు ఫ్రేము కట్టించాలంటే అదే దిక్కు. వెనకేమో ఆరేసిన తడిబట్టలు, కొబ్బరికాయల కొట్టు, ఎవరిదో చెయ్యి! అవన్నీ తీసేసి నీలం రంగు వేయాలి. ఎలా?

ఒకప్పుడైతే స్టూడియోలో తెర కట్టి, దాని ముందు నిలబెట్టేవారు. ఇప్పుడా తెరను ఫొటో తీశాకా కట్టొచ్చు. 1990లో అన్నదమ్ములు థామస్ నోల్, జాన్ నోల్‌ల ఫొటోషాప్ మార్కెట్లోకి వచ్చాక ఇది స్టూడియోల్లో రోజువారీ పనైపోయింది. డబ్బు పెట్టి కొనలేనివాళ్లకు జింప్ ఉచితంగా దొరుకుతుంది.

ఫొటో తెరిచి మ్యాజిక్ వాండ్‌తో ఆకాశం మీద క్లిక్ చేస్తే, ఆ రంగును పోలిన భాగమంతా ఎంపికవుతుంది. చిక్కు అక్కడే. మిట్టమధ్యాహ్నం ఎండలో తెల్లబారిన ఆకాశం, మెరిసే నీళ్లు, తాత కట్టుకున్న తెల్ల పంచె కంప్యూటర్‌కు ఒక్కటే. ఆకాశం తీసేయబోతే పంచె సగం మాయమవుతుంది! టాలరెన్స్ అనే అంకె ఫొటోషాప్‌లో మామూలుగా 32 ఉంటుంది. దాన్ని పది, పదిహేనుకు తగ్గించండి. అప్పటికీ తేలని అంచుల్ని లాసోతో చేత్తోనే గీసుకోవాలి. ఓపిక కావాలి మరి.

వెనకభాగాన్ని ఎరేజర్‌తో తుడిచేయకండి. లేయర్ మాస్క్ వాడండి. మాస్క్ మీద నలుపు పూస్తే ఆ భాగం దాక్కుంటుంది, తెలుపు పూస్తే తిరిగి కనిపిస్తుంది. పొరపాటున తాత చెవి పోయినా వెనక్కి తెచ్చుకోవచ్చు. ఆ తర్వాత కింద కొత్త లేయర్ పెట్టి రంగు నింపడమే. తెల్ల చొక్కా వేసుకున్న మనిషి వెనక తెలుపు వేస్తే భుజాలు కలిసిపోతాయి. లేత నీలమో బూడిద రంగో నప్పుతుంది. నెరిసిన జుట్టు చుట్టూ పాత రంగు గీతలా మిగిలితే అంచును ఒక పిక్సెల్ లోపలికి జరపండి.

ఈ పనంతా క్షణంలో చేసిపెట్టే ఫోన్ యాప్‌లు ఇప్పుడు ఎన్నో ఉన్నాయి. అయినా ప్రింట్ తీసేముందు ఫొటో పెద్దది చేసి చూసుకోవాలి. కళ్లజోడు కాడ, నడుముకీ చేతికీ మధ్య సందు... యాప్‌లు తడబడేది ఇలాంటి చోట్లే.

ఒక్క విషయంలో మాత్రం జాగ్రత్త! పిల్లల అమెరికా వీసా ఫొటోకు ఈ చిట్కా పనికిరాదు. రెండంగుళాల చదరపు ఫొటో, వెనక తెలుపు ఉండాలన్నది నిజమే. కానీ కంప్యూటర్‌తో మార్చిన ఫొటో వద్దని నిబంధనల్లోనే ఉంది. 2016 నవంబరు నుంచి కళ్లజోడు కూడా తీసేయాల్సిందే. కాబట్టి తెల్ల గోడ ముందు, నీడ పడకుండా రెండడుగులు ఎడంగా నిలబడి కొత్తగా తీయించుకోవడమే మేలు.

చివరిగా అసలు మాట. పని మొదలుపెట్టేముందే ఫొటోకు కాపీ తీసుకోండి. మార్పులన్నీ ఆ కాపీ మీదే చేయండి. లేయర్లున్న ఫైలును పీఎస్‌డీగానో, జింప్ అయితే ఎక్స్‌సీఎఫ్‌గానో సేవ్ చేయండి. జేపీజీలో లేయర్లు మిగలవు. స్టూడియోలో చేయించినా సరే, ఒరిజినల్‌ను అడిగి వెనక్కి తెచ్చుకోండి. దాని పేరులో ఊరు, సంవత్సరం రాసిపెట్టండి.

గోడమీది ఫ్రేములో నీలం రంగు అందంగానే ఉంటుంది. కానీ రేపు మనవడి కొడుకు ‘ఈ తాత ఎక్కడ నిలబడ్డాడు?’ అని అడిగితే అది జవాబు చెప్పలేదు. ఆ తడిబట్టలు, ఆ కొబ్బరికాయల కొట్టు, వెనక కలిసి పారే రెండు నదులే చెప్పాలి.