పొలాస: సన్నవడ్లు పుట్టిన పల్లె

పిల్లలూ, ఈ నెల మనం చూడబోయే ఊరు చాలా చిన్నది. దాని పేరు పొలాస. జగిత్యాల పట్టణానికి పక్కనే ఉన్నది. ధర్మపురి నరసింహస్వామి దర్శనానికి పోయేవాళ్ళూ, కొండగట్టు అంజన్నకు మొక్కు చెల్లించబోయేవాళ్ళూ ఏటా వేలమంది జగిత్యాల మీదుగా వెళుతుంటారు. వారిలో ఎంతమంది పొలాస పేరు విన్నారో చెప్పటం కష్టం. కాని ఆ ఊరి పొలంలో పుట్టిన వస్తువు ఒకటి మీలో చాలామంది ఇళ్ళకు వచ్చే ఉంటుంది. బహుశా నిన్న రాత్రి మీ కంచంలోనే ఉండి ఉంటుంది. అది అన్నం.

"అన్నం ప్రతి ఊళ్ళోనూ పండుతుంది గదా, ఇందులో విశేషమేమున్నది?" అని మీరు అడగవచ్చు. పండటం వేరు, పుట్టటం వేరు. అంతకు ముందు లోకంలో ఎక్కడా లేని ఒక వరి రకం పొలాసలో పుట్టింది. అదెలా పుట్టిందో, అసలు ఎందుకు పుట్టవలసి వచ్చిందో ఇప్పుడు చెబుతాను.

ముందు ఊరి సంగతి. పొలాస ఇప్పుడు పల్లె అయినా ఒకప్పుడు రాజధాని. అప్పటి పేరు పొలవాస. హనుమకొండలోని వేయి స్తంభాల గుడిలో కాకతి రుద్రదేవుడు 1163 లో వేయించిన శాసనం ఉన్నది. తాను మేడరాజును ఓడించి పొలవాస దేశాన్ని గెలిచినట్టు రుద్రదేవుడు అందులో చెప్పుకున్నాడు. ఆ మేడరాజు కోటలూ గుర్రాలూ పోయి ఎన్నో వందల ఏళ్ళయింది. పౌలస్తేశ్వరుడి పాత గుడి మాత్రం ఊళ్ళో ఉన్నది. రాజులు పోయిన ఆ ఊరికి ఈ కాలంలో వ్యవసాయ పరిశోధనా స్థానం వచ్చింది. అది ఇప్పుడు ప్రొఫెసర్ జయశంకర్ తెలంగాణ వ్యవసాయ విశ్వవిద్యాలయానికి చెందినది.

ఇక ఊరి చుట్టూ ఉన్న సీమ చూద్దాం. జగిత్యాల నుంచి పడమటగా పోతే కోరుట్ల, మెట్‌పల్లి వస్తాయి. అక్కడ పసుపు, మొక్కజొన్న, వరి పండిస్తారు. చెరకు కూడా బాగా వేసేవారు గాని, ముత్యంపేట చక్కెర కర్మాగారం 2015 చివర మూతపడ్డ తరువాత అది తగ్గిపోయింది. దక్షిణంగా పోతే సిరిసిల్ల. ఆ ఊళ్ళో వీధి వీధినా మరమగ్గాల చప్పుడే. సిరిసిల్ల చుట్టుపక్కల నేల మెరక నేల. రాళ్ళు ఎక్కువ, వాన తక్కువ. చెరువు నిండితే పంట, లేకపోతే బావి. బావి కూడా ఎండిన ఏడు ఎంతోమంది బొంబాయికో, భివండీకో, సముద్రం దాటి గల్ఫు దేశాలకో బతకబోయారు. మీ తరగతిలో తండ్రి దుబాయిలో ఉన్న పిల్లవాడు ఒకడైనా ఉంటే ఈ సంగతి నేను వేరే చెప్పనక్కరలేదు.

నీళ్ళు తరువాత వచ్చాయి. 1963 జూలై 26 న పోచంపాడు దగ్గర గోదావరి మీద ఆనకట్టకు జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేశాడు. అదే శ్రీరామసాగరం. దాని నుంచి బయలుదేరిన కాకతీయ కాలువ ఈ కోరుట్ల, జగిత్యాల సీమ గుండా వచ్చి 146 కిలోమీటర్లు ప్రయాణం చేసి కరీంనగరం దగ్గర దిగువ మానేరు జలాశయంలో కలుస్తుంది. సిరిసిల్ల వైపు నర్మాల దగ్గర ఎగువ మానేరు ఉన్నది. ఈ మధ్య మధ్య మానేరు కూడా నిండింది. (దాని కింద ఎన్నో గ్రామాలు మునిగాయి. ఆ ఊళ్ళవాళ్ళు ఇళ్ళూ పొలాలూ వదిలి కొత్త చోట్లకు పోవలసి వచ్చింది. నీళ్ళు వచ్చిన సంతోషం అందరికీ ఒకే రకంగా ఉండదు.)

కాలువ వస్తే ఏమవుతుంది? మోట కొట్టుకొని ఎకరం తడుపుకునే రైతు నాలుగెకరాలకు నారు పోస్తాడు. ఊరంతా వరే అవుతుంది. ఒకరు జూన్‌లో నారు పోస్తే, నీళ్ళు ఆలస్యంగా అందిన మరొకరు జూలైలో పోస్తారు. అంటే నెలల తరబడి ఎక్కడో ఒకచోట లేత పిలకలు ఉంటూనే ఉంటాయన్నమాట. ఇది మనకు సంతోషమే. మనకంటె ఎక్కువగా సంతోషించే ప్రాణి మరొకటి ఉన్నది.

అది దోమంత ఉండే చిన్న ఈగ. రంగు కొంచెం ఎరుపు. పగలు ఎక్కడో దాక్కొని, రాత్రి దీపం వెలుగు కనిపిస్తే వస్తుంది. రెండు మూడు రోజులకన్న ఎక్కువ బతకదు. ఆ కాస్త కాలంలోనే ఆడ ఈగ నూరుకు పైగా గుడ్లు వరి ఆకుల మీద పెడుతుంది. మూడు నాలుగు రోజులకు గుడ్డు పగిలి సన్నని పురుగు బయటికి వస్తుంది. మబ్బు పట్టి, ముసురు కురిసి ఆకులు తడిగా ఉంటే దానికి పండగే. ఆ తడి మీద జారుకుంటూ ఆకుకూ కాండానికీ మధ్య సందులోకి దిగి, పిలక మొవ్వు దగ్గరకు చేరుతుంది. మొవ్వు అంటే మొక్క పెరిగే చోటు. మొక్కకు ప్రాణం అక్కడే.

పురుగు అక్కడ కూర్చొని తినటం మొదలుపెట్టగానే ఒక వింత జరుగుతుంది. దాని నోటి నుంచి ఊరే రసం తగిలి మొక్క తన పద్ధతి మరిచిపోతుంది. ఆకు వేయవలసిన పిలక పురుగు చుట్టూ ఒక గొట్టం కడుతుంది. ఆ గొట్టం అచ్చంగా ఉల్లికాడలాగా, లోపల డొల్లగా, వెండిలా తెల్లగా మెరుస్తూ పైకి వస్తుంది. అందుకే రైతులు దీనిని ఉల్లికోడు అంటారు. ఇల్లు కట్టించుకున్న పురుగు హాయిగా పెరిగి, గూడు దశకు వచ్చి, గొట్టం కొస దాకా పాకి, అక్కడ చిన్న రంధ్రం చేసుకొని ఈగగా ఎగిరిపోతుంది. విడిచిన పొర ఆ రంధ్రం దగ్గరే అతుక్కొని ఉంటుంది. మీరు ఎప్పుడైనా అటువంటి గొట్టం చూస్తే కొస దగ్గర వెతకండి, కనిపిస్తుంది.

గొట్టమైన పిలక ఇక కంకి వేయదు. మొక్క పట్టువదలక మరికొన్ని పిలకలు వేస్తుంది, అవీ గొట్టాలవుతాయి. పొలం చూడటానికి పచ్చగా, ఒత్తుగానే ఉంటుంది. కోత కాలానికి గడ్డి తప్ప గింజ ఉండదు. అప్పు తెచ్చి నాట్లు వేయించిన రైతుకు ఆ పచ్చదనం చూస్తే ఎలా ఉంటుందో ఊహించండి. మందు చల్లవచ్చు గదా అంటారేమో. పురుగు గొట్టం లోపల ఉన్నది. పైన చల్లిన మందు దానికి సరిగా తగలదు. గొట్టం కంటపడేసరికే ఆ పిలక పని అయిపోయి ఉంటుంది.

మరి ఏమిటి దారి? మందు బయటినుంచి చల్లటం కాకుండా, మొక్కకే ఆ బలం ఉంటే?

అటువంటి వరి లేకపోలేదు. వరంగల్లు పరిశోధనా స్థానంలో తయారైన కావ్య అనే రకంలో పురుగు మొవ్వు దాకా వెళుతుంది గాని పెరగదు, అక్కడే చచ్చిపోతుంది. ఇంకొక వైపు బాపట్లలో తయారై 1986 లో విడుదలైన సాంబమసూరి ఉన్నది. దానినే బి.పి.టి. 5204 అంటారు. సన్నని గింజ, మెత్తని అన్నం. పెళ్ళి భోజనంలో ఆ అన్నమే వడ్డించాలని అందరికీ కోరిక. దాని వంశం చూస్తే మీకు నవ్వు వస్తుంది: ఒక పూర్వీకుడు కోయంబత్తూరు వాడు, ఒకడు తైవాను వాడు, ఒకడు మలయా నుంచి వచ్చిన మసూరి. మన సాంప్రదాయ భోజనం అనుకునేది మూడు దేశాల సంబంధమన్నమాట! కాని దానికి రెండు లోపాలు. పంటకు రమారమి 150 రోజులు కావాలి. ఉల్లికోడు వస్తే తట్టుకోలేదు.

పొలాసలోని శాస్త్రజ్ఞులు సాంబమసూరికీ కావ్యకూ పెళ్ళి చేశారు.

వరికి పెళ్ళి చేయటం తేలిక కాదు. వరి పువ్వు మనకు పువ్వులాగే కనిపించదు. రెండు పొట్టు తలుపుల మధ్య ఆరు కేసరాలు, నడుమ ఈకల్లాంటి కీలాగ్రాలు. తలుపు తెరిచేలోగానే తన పుప్పొడి తన మీదనే పడిపోతుంది. ఇతరుల పుప్పొడితో దానికి పని లేదు. కనుక రేపు విచ్చుకోబోయే పువ్వును ఇవాళ సాయంత్రమే పట్టుకోవాలి. చిన్న కత్తెరతో పొట్టు కొస కత్తిరించి, లోపలి ఆరు కేసరాలనూ ఒక్కటి కూడా మిగలకుండా తీసెయ్యాలి. కంకికి కాగితపు సంచి తొడగాలి. మరునాడు ఉదయం రెండో రకం కంకి తెచ్చి దాని మీద దులపాలి. ఇంత చేస్తే ఒక పువ్వుకు ఒక్క గింజ వస్తుంది.

ఆ గింజ నాటితే వచ్చిన మొక్కలన్నీ ఒకే పోలిక. వాటి గింజలు మళ్ళీ నాటితే అప్పుడు గోల మొదలవుతుంది. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. ఒకదానికి తల్లిలా సన్నగింజ ఉంటుంది గాని ఉల్లికోడుకు పడిపోతుంది. మరొకటి తండ్రిలా గట్టిది గాని అన్నం బాగుండదు. రెండు మంచి గుణాలూ ఒక్కదానిలో ఉన్న మొక్క ఎక్కడో ఉంటుంది. దాన్ని వెతకాలి. ఎలా వెతుకుతారనుకున్నారు? పురుగు చేతనే! కావాలని నాట్లు ఆలస్యంగా వేస్తారు. మధ్య మధ్య పురుగుకు చాలా ఇష్టమైన తైచుంగ్ అనే తైవాను వరిని వరుసలుగా నాటుతారు. రాత్రి దీపం పెట్టి ఈగలను పిలుస్తారు. ప్రపంచంలో రైతులందరూ పురుగు రాకూడదని కోరుకుంటే, ఈ పొలంలో మాత్రం ఇంకా రాలేదేమని ఎదురుచూస్తారు. ఆ పరీక్షలో నిలిచిన మొక్కల గింజలే తరువాతి పంటకు విత్తనం. ఇలా ఆరేడు తరాలు. ఆ తరువాత ఇతర పరిశోధనా స్థానాల్లో పరీక్ష, తరువాత రైతులకు చిన్న చిన్న సంచులిచ్చి వాళ్ళ పొలాల్లో పరీక్ష. మొదటి సాయంత్రం కత్తెర పట్టినవారు చివరి ఫలితం చూసేసరికి పదేళ్ళు దగ్గర పడతాయి.

అలా నిలిచిన వాటిలో ఒకదానికి జె.జి.ఎల్. 1798 అని సంఖ్య. 1798 అంటే సంవత్సరం అనుకునేరు! జె.జి.ఎల్. అంటే జగిత్యాల, 1798 అనేది పొలంలోని అనేక సంతతులలో దాని వరుస సంఖ్య. ఈ శతాబ్దపు మొదటి సంవత్సరాల్లో అది రైతులకు చేరింది. రైతు నోటికి ఆ సంఖ్య ఎక్కడ తిరుగుతుంది? జగిత్యాల సన్నాలు అని పేరు వచ్చింది. దానికి తోబుట్టువు వంటి మరొక రకానికి ఊరి పేరే పెట్టారు: పొలాస ప్రభ. మేడరాజు తరువాత పొలాస పేరు నలుగురి నోటా వినబడింది ఈ వరి వల్లనే అంటే తప్పులేదు.

జగిత్యాల సన్నాలు 120 రోజుల చుట్టుపట్ల కోతకు వస్తుంది. ఉల్లికోడు సంగతి అటుంచి, ఈ నెల రోజుల మిగులు సిరిసిల్ల వైపు మెరక పొలాల్లో ఎంత పెద్ద మాటో చూడండి. బావి కింద వరి వేసినవాడికి చివరి నెలే గండం. గింజ పాలు పోసుకునే సమయానికి బావిలో నీరు అడుగంటుతుంది. ఆ నెల నీళ్ళు అక్కరలేని వరి ఉంటే ఆ ఏడు ఆ ఇంట్లో వడ్లు ఉంటాయి.

కథ ఇంతటితో అయిపోతే బాగుండేది. కాని పురుగు కూడా ఊరుకోదు. ఒకే రకం వరి వేల ఎకరాల్లో వేస్తే, లక్షల పురుగులు చస్తాయి. ఆ లక్షల్లో ఆ వరిని జీర్ణించుకోగల పురుగు ఏదో ఒకటి ఉంటే అది బతుకుతుంది. దాని పిల్లలు బతుకుతాయి. కొన్నేళ్ళకు అవే మిగులుతాయి. చూడటానికి అదే ఈగ, గుణం వేరు. మన దేశంలో ఉల్లికోడు ఈగలో ఇటువంటి తెగలు ఏడు ఉన్నట్టు గుర్తించారు. శ్రీకాకుళం పురుగు వేరు, వరంగల్లు పురుగు వేరు, జగిత్యాల పురుగు వేరు. ఒక చోట గెలిచిన వరి మరొక చోట ఓడిపోవచ్చు. అందుకే పొలాసలో ఇప్పటికీ ఏటా కత్తెరలు పడుతూనే ఉన్నాయి, ఆలస్యపు నాట్లు వేస్తూనే ఉన్నారు. జె.జి.ఎల్. అక్షరాల తరువాత కొత్త కొత్త సంఖ్యలు వస్తూనే ఉన్నాయి. 24423 అనే దాన్ని యాసంగిలో చాలామంది వేస్తున్నారు. మీకు ఆ సీమలో తాతగారో మేనమామో ఉంటే ఈ ఏడు ఏ సంఖ్య వేశారని అడిగి చూడండి. పుట్టినరోజులు మరిచిపోయినా అది మాత్రం చెబుతారు.

ఈ వానాకాలం మీరు పొలం వైపు పోగలిగితే ఒక పని చేయండి. కంకులు పైకి వచ్చిన వారంలో, ఉదయం తొమ్మిది దాటాక, మధ్యాహ్నం కాకముందు వెళ్ళండి. ఒక కంకిని మెల్లగా వంచి దగ్గరగా చూడండి. పొట్టు తలుపులు తెరుచుకొని, లేత పసుపు కేసరాలు బయటికి వేలాడుతుంటాయి. లెక్కపెట్టండి, ఆరు ఉంటాయి. ఆలస్యం చేయకండి, గంట గడిస్తే ఆ తలుపులు మూసుకుంటాయి, మళ్ళీ తెరుచుకోవు.