కల్లునకు నమూనా యేది?

పది పదునైదుగురు గుంపుగూడి, ముందొక మార్గదర్శి నడువగా, పేటలోని బీరు కార్ఖానాలను ఒకదాని వెంట నొకటి చుట్టివచ్చు వినోదము పాశ్చాత్య నగరములలో మిక్కిలి ప్రబలియున్నది. లండనులోని బెర్మండ్సీ పేటలో రైలుకట్ట కమానుల క్రింద వెలసిన కార్ఖానాల వరుసకు ‘బీరు మైలు’ అనియే పేరు. ఇది యే బార్లీ, హాప్సు పూవు లెక్కడివి, ఎన్ని దినములు పులిసినది యని మార్గదర్శి విప్పి చెప్పును. త్రాగునది గుక్కెడు, వినునది పుట్టెడు. మన హైదరాబాదునందును 2015లో మైక్రోబ్రూవరీ నియమములు వెలువడిన పిదప జూబిలీహిల్సు, గచ్చిబౌలి వైపుల నిట్టి కార్ఖానాలు నెలకొన్నవి.

మద్యపానము నొక కళగా మన్నించుట తగునా యని పెద్దలు కోపింతురు. ఆ కోపము న్యాయమే. అయినను ఆ నడకలో మనము నేర్వదగిన దొకటి కలదు. త్రాగువాడు ప్రశ్నించుచున్నాడు, చేసినవాడు బదులు చెప్పుచున్నాడు. బీరున కీ మర్యాద తనంతట రాలేదు. 1516లో బవేరియా ప్రభువు బార్లీ, హాప్సు, నీరు తప్ప వేరొకటి బీరునందు కలుపరాదని శాసించెను. ధరను గూడ ఆ శాసనమే నిర్ణయించెను. ముందు శాసనము వచ్చినది, రుచి ముచ్చటలు పిమ్మట వచ్చినవి.

ఇట్టి నడక నెవరైన ఉస్మాన్‌గంజ్‌లో నేర్పరుపదలచినచో వారి కక్కడ బీరు కార్ఖానా దొరకదు, గంజు దొరకును. 1935లో కట్టిన మోజంజాహి మార్కెట్టు చెంత బయలుదేరి బేగంబజారు దిక్కునకు నడచినచో టోకు దుకాణముల సందడి కనబడును. ఇక్కడ నమూనా చూడక బేరము లేదు. మూటలో చేయిపెట్టి పిడికెడు గింజలు తీసి, అరచేత నలిపి, పంట కొరికి చూచిన పిమ్మటనే ధర మాట. ఆ మూటలను వీపున మోయు హమాలీ, త్రాగు అలవాటున్నవాడైనచో, సాయంకాలము తాను కొను కల్లుసీసాను గూర్చి మాత్రము ఒక్క ప్రశ్న యడుగజాలడు. ఏ యూరి చెట్టు? ఎవరు దించినది? ఎన్ని గంటలకు? చెప్పువాడు లేడు.

తాటికల్లు గాని, ఈతకల్లు గాని, చెట్టు దిగిన కొలది గంటలకే పులియును, ప్రొద్దుగూకునప్పటికి ముదిరి పుల్లనగును. చెట్లు నరికి మేడలు గట్టిన మహానగరమునకు ఏడాది పొడవున కల్లు ధారగా వచ్చుచున్నదన్న, అది చెట్టు కల్లేనా యని సందేహించుటకు పెద్ద చదువక్కరలేదు. నీటిలో క్లోరల్ హైడ్రేటు, డయాజెపామ్, ఆల్ప్రజోలామ్ వంటి మత్తుమందులు కలిపి కల్లని అమ్ముట యెన్నియో యేండ్లుగ పట్టుబడుచున్న నేరము. దానికి మరగినవా డొకనాడు మానినచో చేతులు వణకును, మతి చలించును, మూర్ఛలు వచ్చును. మత్తుకొఱకు గాక ఆ బాధ తప్పించుకొనుటకే వాడు మరల దుకాణము మెట్టెక్కును. ఈ పాపమును, ప్రాణములకు తెగించి చెట్టెక్కు గౌడసోదరుల తలపై రుద్దరాదు. నీళ్లలో గుళికలు కలుపువానికి మోకు ముస్తాదులతో పనియేమి?

2004లో ప్రభుత్వము నగరమున కల్లు దుకాణములను మూయించెను. 2014లో మరల తెరిపించెను. మూసిననాడు గాని తెరచిననాడు గాని సీసాలో నేమున్నదో చూచు ఏర్పాటు చాలినంత చేయలేదు. 2025 జూలైలో కూకట్‌పల్లి ప్రాంతమున కల్తీకల్లు త్రాగినవారు వాంతులతో, విరేచనములతో ఆసుపత్రుల పాలైరి, కొందరి మూత్రపిండములు చెడెను, పలువురు మరణించిరి. అరెస్టులు జరిగినవి, లైసెన్సులు రద్దయినవి. తరువాతి వార్త వచ్చువరకు మన మందరము మరచితిమి.

కల్లును శుద్ధిచేయు మాట యేల, నిషేధమే మందు గదా యని కొందరు మిత్రులు వాదింతురు. 1937లో సేలము జిల్లాయందును, మరుసటి యేట చిత్తూరు, కడప జిల్లాలయందును నిషేధము నెలకొల్పిన దీక్షను మేము గౌరవింతుము. దూబగుంట స్త్రీలు రగిల్చిన ఉద్యమమువలన 1993లో సారా, 1995లో సమస్త మద్యము నిషిద్ధమైనవి. 1997లో ఆ నిషేధమును సడలించిరి. నాటినుండి మద్యము చట్టసమ్మతము, ఖజానాకు ముఖ్యమగు ఆదాయము. రాజ్యాంగపు 47వ అధికరణమును నిషేధవాదులు తరచు ఉదాహరింతురు, కాని ఆ యధికరణమే ప్రజారోగ్యమును పెంపొందించుట ప్రభుత్వపు ప్రాథమిక కర్తవ్యములలో నొకటియని చెప్పుచున్నది. నిషేధము వచ్చుదాక విషము పోయవచ్చునని దానికి అర్థము చెప్పగల న్యాయవాదిని మేమింకను చూడలేదు.

చేయదలచిన చేయలేని పనియు గాదు. 2023 మే నెలలో హుస్సేన్‌సాగరు చెంత నెక్లెసు రోడ్డున నీరా కేంద్రమును తెరచిరి. నీరాను తెల్లవారకముందే దించి, పులియకుండ చల్లగ నుంచి నగరమునకు చేర్పవలెను. అది కల్లుకంటె సుకుమారమైన సరకు. ఆ శ్రద్ధలో నాలవపాలు కల్లు దుకాణముపై పెట్టుడని యడుగుచున్నాము. కల్లు దించిన సొసైటీ పేరు, చెట్లున్న గ్రామము, దించిన వేళ ప్రతి దుకాణము ముందు బోర్డుపై వ్రాయింపుడు. ఆబ్కారీ యుద్యోగులు చెప్పకుండ వచ్చి నమూనాలు తీసి, పరీక్షా ఫలితమును తెలుగునను ఉర్దూనను ఆ తలుపునకే అంటింపవలెను. చదువురానివారికి దానిని చదివి వినిపించుట ప్రతి పేటలోని పఠనమందిర సభ్యులు ఈ వారమే పూనుకొనదగిన పని.