యాక్ట్ ఎవరు తెచ్చారు?

ఏప్రిల్ 14 వచ్చిందంటే జగ్గయ్యపేట నుంచి నందిగామ దాకా హైవే పొడుగునా ఫ్లెక్సీలే. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం మేం తెచ్చామంటే మేం తెచ్చామని పార్టీల పోటీ. లెక్కకి ఇద్దరిదీ నిజమే. 1989లో రాజీవ్ గాంధీ ప్రభుత్వం పాస్ చేసింది, 1990 జనవరి 30న వీపీ సింగ్ హయాంలో అమల్లోకొచ్చింది.

మన రైతుల్లో ఇంకో మాట ఉంది. "ఆ యాక్ట్ వచ్చాకే కూలోళ్ళు మాట వినట్లేదు" అని. మిరప కోతల టైములో ఈ మాట నేను ఎన్నిసార్లు విన్నానో. అనే ముందు అది ఎట్లా వచ్చిందో తెలుసుకుందాం.

చీరాల పక్కన కారంచేడు. 1985 జులై. మాదిగపల్లె వాళ్ళు తాగే చెరువు దగ్గర గేదెకి కుడితి పెట్టి, ఆ బకెట్ కడిగిన మురికి చెరువులోకి పోతుంటే కత్తి చంద్రయ్య అనే కుర్రాడు ఇదేందని అడిగాడు. అతని మీదికి వెళ్తే నీళ్ళకొచ్చిన మున్నంగి సువార్త అడ్డంపడింది. తన మీదికి వచ్చేసరికి చేతిలో బిందె ఎత్తింది. అంతే. మర్నాడు, 17వ తేదీ, పల్లె మీద పడి ఆరుగురిని చంపారు, ఆడపిల్లల్ని చెరిచారు. చేసింది ఎక్కడివాళ్ళో కాదు, భూములున్న రైతులే.

బతికినవాళ్ళు చీరాల వెళ్ళి కూర్చున్నారు, తిరిగి ఆ ఊరు పోమన్నారు. హైకోర్టులో ప్రభుత్వ ప్లీడరుగా ఉన్న బొజ్జా తారకం ఆ ఉద్యోగానికి రాజీనామా ఇచ్చి వీళ్ళ పక్కన నిలబడ్డారు. ఆయనా, కత్తి పద్మారావూ ఇంకా చాలామందీ కలిసి దళిత మహాసభ పెట్టారు. ఢిల్లీకి కదలిక వచ్చింది ఇట్లాంటి చోట్ల నుంచి. అక్కడ చట్టం రాయడంలో ముఖ్యమైన చెయ్యి పీఎస్ కృష్ణన్‌ది. మన రాష్ట్ర కేడర్ ఐఏఎస్, పుట్టింది కేరళలో. ఆయన ఫొటో ఏ ఫ్లెక్సీలో చూశారు?

అంబేడ్కర్ గారిని తగ్గించడానికి చెప్పట్లా. రాజ్యాంగంలో 17వ అధికరణంతో అంటరానితనం రద్దయింది, 1955లో దాని మీద చట్టమూ వచ్చింది. అయినా 1985 దాకా కారంచేడు చెరువు కారంచేడు చెరువే. కాయితం మీద ఉన్నదాన్ని ఎవరో ఒకరు బిందె ఎత్తి అడగాలిగా.

చట్టం వచ్చాకైనా పని తేలిగ్గా లేదు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మందిని చంపి, శవాల్ని గోతాల్లో కట్టి కాలవలో వేశారు. మా ఊళ్ళోనే కోర్టు పెట్టాలని బాధితులు పట్టుబట్టి సాధించుకున్నారు. లాయరు బి. చంద్రశేఖర్ ప్రత్యేక ప్రాసిక్యూటర్‌గా వాదించారు. 2007 జులైలో 21 మందికి యావజ్జీవం పడింది. అంటే పదహారేళ్ళు! పొద్దున చేలో పని చేసినవాళ్ళు, ఆ చేను యజమానుల మీదే సాక్ష్యం చెప్పడానికి బోనెక్కారు. రేపు కూలి దొరుకుతుందో లేదో, దారిలో ఎవరు ఆపుతారో తెలియకుండా. నా దృష్టిలో అందరికంటే పెద్ద పని వాళ్ళదే, ఒక్కరి పేరూ మనకి రాదు. 2014లో హైకోర్టు అందర్నీ వదిలేస్తే, వాళ్ళు మళ్ళీ సుప్రీంకోర్టు మెట్లెక్కారు.

మన మెట్ట ఊళ్ళల్లోనూ ఉంటారు. హోటల్లో రెండు గ్లాసులు ఎందుకని మొదట అడిగినవాడు, జీతానికున్న పిల్లోణ్ణి బడికి పంపిన తల్లి, కేసులో సాక్ష్యం మార్చని ముసలాయన. రైతుల్లోంచి వాళ్ళ పక్కన నిలబడినవాళ్ళు ఉంటే వాళ్ళూ. మీకు తెలిసినవాళ్ళ సంగతి కింద రాయండి. బతికున్నవాళ్ళైతే మాత్రం వాళ్ళని అడిగి, సరేనంటేనే పేరు పెట్టండి. సాక్ష్యం చెప్పినవాళ్ళు ఇంకా ఆ ఊళ్ళోనే కూలికి పోవాలి.