ఇంటర్వ్యూకు కోటు కొనాల్సిందేనా?

పీయూసీ పరీక్షలు దగ్గర పడితే చాలు.. బళ్ళారి, సిరుగుప్ప మొదలు గంగావతి, సింధనూరు క్యాంపుల దాకా తెలుగు ఇళ్లల్లో సీట్ల చర్చే. ఇంజినీరింగుకైతే సీఈటీ ర్యాంకు ఉంటే సరి. బట్టల సంగతి ఎవరికీ పట్టదు. నీట్ రాసేవాళ్లకు నిబంధన ముందే చెప్తారు: పొట్టి చేతుల పల్చని దుస్తులు వేసుకోవాలి, బూట్లు కూడదు, చెప్పులతో రావాలి. చిక్కంతా ఇంటర్వ్యూ పెట్టే కాలేజీలతోనే. బెంగళూరులోని క్రైస్ట్, అజీం ప్రేమ్‌జీ వంటి విశ్వవిద్యాలయాలు డిగ్రీ సీటుకు కూడా నేరుగానో, ఆన్‌లైన్‌లోనో పిల్లలతో మాట్లాడి చూస్తాయి.

అక్కడ ఏం వేసుకోవాలి? పిలుపులో కొన్నిసార్లు ఆ ఊసే ఉండదు. కొన్నిసార్లు ‘ఫార్మల్స్’ అన్న ఒక్క మాట ఉంటుంది. ఇంట్లో అంతకుముందు కాలేజీ మెట్లు ఎక్కినవాళ్లుంటే దాని అర్థం తెలుస్తుంది. లేనివాళ్లకు ‘నాయనా, కోటు లేకుంటే సీటు ఇయ్యరంట’ అన్న మాటే వేదం. కోటు, టై, కొత్త బూట్లు అంటూ జాబితా పెరుగుతుంది. దరఖాస్తు ఫీజు, రైలు చార్జీలకే కిందామీదా పడే కుటుంబానికి అప్పు మీద అప్పు.

అంత అవసరం లేదు. మేనేజ్‌మెంట్ కోర్సులకు ఐఐఎంల మెట్లెక్కేవాళ్లు కోటు వేసుకోవడం ఆనవాయితీ కావచ్చు. పదిహేడు, పద్దెనిమిదేళ్ల పిల్లలు డిగ్రీ సీటుకు పోయేటప్పుడు ఆ వేషమెందుకు? ఉతికి ఇస్త్రీ చేసిన చొక్కా, ముదురు రంగు ప్యాంటు అబ్బాయికి చాలు. అమ్మాయికి రోజూ అలవాటైన చుడీదారే మేలు. పట్టుబట్టలు, మొదటిసారి కట్టే చీర వద్దు. మాట మీద ఉండాల్సిన ధ్యాస కొంగు మీదికి పోతుంది. కొత్త బూట్లు కొంటే నాలుగు రోజుల ముందే తొడిగి నడవాలి. బళ్ళారి జీన్సు దేశమంతా అమ్ముడుపోతుంది, అయినా ఆ ఒక్కరోజుకు దాన్ని పక్కన పెట్టడమే క్షేమం. రాత్రంతా హంపి ఎక్స్‌ప్రెస్‌లో పోయేవాళ్లు ఇంటర్వ్యూ బట్టలు సంచిలో మడిచి పెట్టుకుని, దిగాక మార్చుకుంటే నలగవు.

బట్టల్ని ఎవరూ చూడరని చెప్తే అది అబద్ధం. గదిలోకి అడుగుపెట్టగానే ముందు కంటబడేది అవే. అయితే చూపు పడేది శుభ్రం మీద, ధర మీద కాదు. ఆ తర్వాత ఈ కోర్సే ఎందుకు, ఏం చదివావు, మీ ఊరి విశేషాలేమిటి అని అడుగుతారు. 2024 ఆగస్టులో తుంగభద్ర డ్యాం 19వ గేటు కొట్టుకుపోయినప్పుడు కాలువ కింది రైతులు పడ్డ ఆందోళన క్యాంపు పిల్లలకు కళ్లారా తెలుసు. అది చెప్పగలిగిన బిడ్డకు టై తెచ్చిపెట్టే గౌరవం వేరే ఏముంటుంది? కానీ వరండాలో పదిమంది కోట్లలో కనిపిస్తే ఆ బిడ్డకే గొంతు పెగలదు. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, గదిలో ఇంగ్లిష్.. ఆ మూడు మెట్ల బరువు చాలదన్నట్టు బట్టల దిగులొకటి. నష్టం అక్కడ జరుగుతోంది.

దీనికి మందు కాలేజీల చేతుల్లోనే ఉంది. ‘మీ దగ్గరున్న శుభ్రమైన బట్టలు చాలు, కోటు, టై అక్కర్లేదు’ అని పిలుపు కాగితంలో కన్నడంలో, ఇంగ్లిష్‌లో ఒక్క వాక్యం రాస్తే పైసా ఖర్చు కాదు. పరీక్ష హాలుకు చెప్పుల దాకా నియమాలు రాయగలిగినప్పుడు ఇంటర్వ్యూకు ఇంత మాత్రం రాయలేరా? పీయూసీ కాలేజీల అధ్యాపకులు కూడా చివరి నెలలో ఒక్క పీరియడ్ దీనికి కేటాయించాలి. పెద్దలు కోటు కోసం అప్పు చేసే బదులు, పిల్లల్ని రోజూ సాయంత్రం పదినిమిషాలు ఎదురుగా కూర్చోబెట్టి మాట్లాడించాలి. గదిలో అక్కరకొచ్చేది అదే.