తాళం కంప్యూటరులోకి వెళ్ళింది

అప్పు ఖాతా నకలు కోసం ఆఫీసుకు వెళ్ళిన రైతుకు వెనకటికి "బీరువా తాళం దొరకలేదు, రేపు రా" అనేవారు. ఇప్పుడు "ఫైలు తెరుచుకోవడం లేదు, రేపు రండి" అంటున్నారు. మర్యాద పెరిగింది గాని, బస్సు చార్జీ తగ్గలేదు. కూలి పోవడమూ తప్పలేదు.

నిజానికి ఆ ఫైలుకూ తాళం ఉంటుంది. నలుగురు గుమాస్తాలు నాలుగు కంప్యూటర్ల మీద ఒకే ఖాతా ఫైలు వాడుకునే చిన్న ఆఫీసుల్లో మైక్రోసాఫ్ట్ యాక్సెస్ అనే ప్రోగ్రాము ఉంటుంది. మొదటివాడు ఫైలు తెరవగానే దాని పక్కనే తాళం ఫైలు పుడుతుంది. 2007 నుంచి వచ్చిన యాక్సెస్‌లో దాని పేరు చివర ఎల్ఏసీసీడీబీ అని ఉంటుంది. ఆఖరివాడు మూసినప్పుడు అది పోవాలి. మధ్యలో కరెంటు పోతే అలాగే మిగిలిపోవచ్చు. అందరూ బయటికొచ్చారని రూఢి చేసుకుని దాన్ని తీసేయాలి. ఒక్కరు లోపలున్నా ముట్టుకోకూడదు, లెక్కలు పాడవుతాయి.

ఇంకో తంటా ఉంది. ఆ ఫోల్డరులో రాసే, చెరిపే అనుమతి గుమాస్తాలందరికీ ఉండాలి. చదివే అనుమతి ఒక్కటే ఇస్తే తాళం ఫైలు పుట్టదు, నలుగురూ కలిసి పని చేయలేరు. ఒకరు తనకొక్కడికే అన్నట్టు తెరిచి పెట్టుకున్నా మిగతావారికి దారి మూసుకుపోతుంది.

వీటిని చూడడానికి పట్నం నుంచి ఇంజనీరు రానక్కర్లేదు. "రేపు" అనే ముందు పక్క బల్లవారిని అడిగితే చాలాసార్లు తేలిపోతుంది. అధికారులు ఆ పాటి తర్ఫీదు గుమాస్తాలకు ఇప్పించాలి. రోజూ సాయంత్రం ఖాతాల నకలు కాగితం మీద తీయించి ఉంచాలి. మర్నాడు ఫైలు మొరాయిస్తే ఆ కాగితం చూసైనా రైతుకు జవాబు చెప్పవచ్చు.